రైఫిలా, పిస్టలా? ఏదీ కొనకముందే అన్నీ ఎలా ప్రయత్నించి చూడాలి

"మా అబ్బాయి షూటింగ్ నేర్చుకుంటానంటున్నాడు. రైఫిల్ కొనమంటారా, పిస్టల్ కొనమంటారా?" విజయనగరం, శ్రీకాకుళం నుంచి నన్ను అడిగేవాళ్ళలో ఎక్కువమంది ప్రశ్న ఇదే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చాక అమ్మాయిల తల్లిదండ్రులు కూడా బాగా అడుగుతున్నారు. ఎన్‌సీసీ క్యాంపులో .22 రైఫిల్‌తో, అంటే అసలు తూటా పేల్చే చిన్న రైఫిల్‌తో, మంచి గ్రూపు (షాట్లన్నీ ఒకచోట దగ్గరగా) కొట్టి వచ్చిన కాలేజీ పిల్లలైతే "ఇప్పుడు ఏటి చెయ్యాలి?" అంటారు.

అందరికీ నా జవాబు ఒకటే. ఇప్పుడే ఏదీ కొనకండి. ఏడెనిమిది నెలలు కేటాయించి, ఒక్కో విభాగాన్ని వరసగా ప్రయత్నించి, కార్డు (టార్గెట్ కాగితం) మీద కొలిచి చూసి, అప్పుడు కొనండి. విదేశీ మ్యాచ్ రైఫిల్, దానికి జాకెట్, ట్రౌజర్, బూట్లు కలిపితే లక్షల్లో ఖర్చు. ఒకసారి కొన్నాక ఆ డబ్బు కోసమైనా నచ్చని విభాగంలోనే ఏళ్ళకేళ్ళు ఉండిపోతారు.

ఖర్చు సంగతి అలా ఉంచితే, అన్నీ చూడమనడానికి అంతకన్నా బలమైన కారణం ఉంది. ఒక్కో విభాగం మీలోని ఒక్కో లోపాన్ని బయటపెడుతుంది. గాలి ఒత్తిడితో పెల్లెట్‌ను, అంటే చిన్న సీసపు గుండును, వదిలే ఎయిర్ రైఫిల్ ట్రిగ్గర్ చాలా తేలిక. వేలు చేసే తప్పు అందులో చాలావరకు దాగిపోతుంది. ఎయిర్ పిస్టల్‌కు ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు ఉండాలని నిబంధన, పైగా ఒంటి చేత్తో పట్టుకోవాలి. అందులో అదే వేలి తప్పు వెంటనే కార్డు మీద కనబడుతుంది. మను భాకర్ పారిస్‌లో 10 మీటర్ల పిస్టల్‌తో పాటు 25 మీటర్ల పిస్టల్ కూడా ఆడి నాలుగో స్థానంలో నిలిచింది. హైదరాబాద్ అమ్మాయి ఈశా సింగ్ ఆడేది కూడా ఈ రెండూ. 2012 లండన్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ అదే ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీల్లోనూ దిగాడు. పై స్థాయికి వెళ్ళాక కూడా వీళ్ళు ఒక్కదానికే పరిమితం కాలేదు.

ఏమేం కావాలి

- ఏదైనా గుర్తింపు ఉన్న క్లబ్బులో సభ్యత్వం, లేదా కనీసం నెలవారీ ప్రాక్టీసుకు అనుమతి. మనకు దగ్గర్లో ముందుగా దొరికేది 10 మీటర్ల ఎయిర్ రేంజ్. మీ ఊళ్ళో లేకపోతే విశాఖలో చూసుకోండి.
- క్లబ్బు రైఫిల్, క్లబ్బు పిస్టల్. సొంతవి అక్కర్లేదు.
- 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్లు. అన్ని కార్డులకూ ఒకే రకం వాడండి. మధ్యలో మారిస్తే కొలతలు పనికిరావు.
- ఎయిర్ రైఫిల్ కార్డులు, ఎయిర్ పిస్టల్ కార్డులు విడివిడిగా.
- నోటుపుస్తకం, స్కేలు, ఒక పది రూపాయల నాణెం. ఈ నాణెమే మన కొలత.
- అడుగు చదునుగా ఉన్న బూట్లు. మెత్తటి సోలు ఉన్న రన్నింగ్ షూ వద్దు, ఒళ్ళు ఊగుతుంది.
- కళ్ళకు రక్షణ అద్దాలు. .22, షాట్‌గన్ దగ్గరికి వెళ్ళినప్పుడు చెవులకు మఫ్‌లు.

జాకెట్ ఇప్పుడే వద్దు. దాని సంగతి ఐదో మెట్టులో చెబుతాను.

1. ముందు కాగితాలు సరిచూసుకోండి

2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్లకు, 20 జౌల్స్‌కు మించని ఎయిర్ రైఫిల్‌కు, ఎయిర్ పిస్టల్‌కు లైసెన్స్ అవసరం లేదు. అయినా కొనేటప్పుడు గుర్తింపు, చిరునామా కాగితాలు ఇవ్వాలి, దుకాణంలో రాసుకుంటారు. .22, షాట్‌గన్ అలా కాదు, వాటికి లైసెన్స్ తప్పనిసరి. 21 ఏళ్ళు నిండనివాళ్ళకు సొంత లైసెన్స్ రాదు కాబట్టి పిల్లలు శిక్షణలో, పెద్దల పర్యవేక్షణలో, క్లబ్బు ఆయుధంతోనే ప్రయత్నించాలి.

బస్సులో, బండి మీద తీసుకెళ్ళేటప్పుడు గన్ను పెట్టెలో, పెల్లెట్లు వేరే సంచిలో ఉండాలి. క్లబ్బు కార్డు, బిల్లు కాపీ వెంట ఉంచుకోండి. ఎయిర్ పిస్టల్ చూడటానికి అసలు పిస్టల్ లాగే ఉంటుంది. బస్ కాంప్లెక్స్‌లో దాన్ని తీసి స్నేహితులకు చూపిస్తే గొడవ మీ ఇంటిదాకా వస్తుంది.

ఒక మాట గట్టిగా చెబుతాను. ఎయిర్ గన్ను చేతికి రాగానే పిట్టల మీదికి గురిపెట్టే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. తేలినీలాపురం, తేలుకుంచి లాంటి చోట్ల ఊరి జనమే పక్షుల్ని కాపాడుకుంటున్న జిల్లా మనది. అలాంటి కుర్రాణ్ణి ఏ క్లబ్బూ చేర్చుకోకూడదు.

2. భద్రత ఒంటికి పట్టేదాకా ముందుకు పోవద్దు

గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి రాకూడదు. కాల్చనప్పుడు గొట్టంలో రంగు తాడు, అంటే సేఫ్టీ ఫ్లాగ్, ఉండాలి. "స్టాప్" వినబడగానే, మీ షాట్ ఎంత బాగా కుదిరినా, దించేయాలి. పెల్లెట్లు సీసంతో చేసినవి. రేంజ్‌లో ఏమీ తినొద్దు, బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి.

3. ఏ కన్ను నడిపిస్తుందో తేల్చుకోండి

రెండు అరచేతులతో చిన్న త్రికోణం చేసి, రెండు కళ్ళూ తెరిచి, దూరంగా ఉన్న గడియారాన్ని అందులోంచి చూడండి. ఇప్పుడు ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం త్రికోణంలోనే ఉంటుందో అదే మీ ప్రధానమైన కన్ను. కుడిచేతివాటం ఉండి ఎడమ కన్ను ప్రధానమైతే కంగారు పడొద్దు. పిస్టల్‌లో దీనితో పెద్ద ఇబ్బంది లేదు, తల కొంచెం తిప్పితే సరిపోతుంది. రైఫిల్‌లో రెండో కన్నుకు అడ్డుపట్టీ వాడుకోవచ్చు. షాట్‌గన్‌లో మాత్రం ఇది నిజమైన సమస్య, ఎందుకంటే అక్కడ రెండు కళ్ళూ తెరిచే కాల్చాలి. కొందరు గన్నును ఎడమ భుజానికి మార్చుకుంటారు. ఈ సంగతి మొదటే తెలిస్తే నెలల శ్రమ మిగులుతుంది.

4. మొదటి కొలత తీసుకోండి

ఏ విభాగమైనా మొదలుపెట్టిన రెండో వారంలో నాలుగు కార్డులు కాల్చండి, కార్డుకు పది షాట్లు. స్కోరు కూడొద్దు. పది రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు. దాన్ని కార్డు మీద అటూ ఇటూ జరుపుతూ వీలైనన్ని రంధ్రాలు కప్పండి. బయట మిగిలినవి లెక్కపెట్టి రాసుకోండి. గ్రూపు నడిబొడ్డున ఉందా, పక్కకు ఉందా అనేది ఇప్పుడు ముఖ్యం కాదు, పక్కకు ఉంటే సైట్ (గన్ను మీద గురి చూసే భాగం) తిప్పి సరిచేయవచ్చు. చెల్లాచెదురుగా ఉంటే ఏ సైటూ సరిచేయలేదు.

ఈ నాణెం ఎయిర్ పిస్టల్ కార్డు మీద దాదాపుగా తొమ్మిది గీత సైజు, ఎందుకంటే ఆ గీత వ్యాసం 27.5 మిల్లీమీటర్లు. ఎయిర్ రైఫిల్ కార్డు మీద అదే నాణెం ఐదు గీతను దాటుతుంది. రైఫిల్ పది చుక్క అర మిల్లీమీటరే, పిస్టల్ పది 11.5 మిల్లీమీటర్లు. కాబట్టి రైఫిల్‌లో వచ్చిన స్కోరును పిస్టల్ స్కోరుతో పోల్చి "నాకు ఇది వస్తుంది, అది రాదు" అనుకోవడం తప్పు. నాణెం రెండింటికీ ఒకటే, కానీ దాన్ని కూడా ఏ విభాగానికా విభాగంలో, మొదటి నెలకూ రెండో నెలకూ మధ్య తేడా చూడటానికే వాడండి.

5. ఎయిర్ రైఫిల్, ఆరు నుంచి ఎనిమిది వారాలు

మొదటి రెండు వారాలు కూర్చుని, రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించి కాల్చండి. నిలబడే కష్టం లేకుండా సైట్, ట్రిగ్గర్ రెండే నేర్చుకోవాలి. వెనక పీప్ (కన్ను పెట్టి చూసే చిన్న రంధ్రం) గుండ్రం, ముందు రింగు, నల్ల చుక్క, మూడూ ఒకదానిలో ఒకటి సమంగా కనబడాలి.

తరవాత నిలబడండి. ఎడమ మోచేయి తుంటి మీద ఆనాలి, చంకన బిందె పెట్టుకున్నప్పుడు నడుము పక్కకు వచ్చినట్టు తుంటి టార్గెట్ వైపు రావాలి. బరువు మోయాల్సింది ఎముక. చేతి కండరం వణకడం మొదలైందంటే మోచేయి సరిగా ఆనలేదని అర్థం.

ఇప్పుడు జాకెట్ గురించి. జాకెట్ బాగా బిగువుగా ఉండి నడుమును పట్టి ఉంచుతుంది, స్కోరు పెరుగుతుంది. అందుకే మొదట్లోనే వేసుకోవద్దంటాను. నిలబడే పద్ధతి కుదరకముందే జాకెట్ వేస్తే తప్పు భంగిమ దాంట్లోనే గట్టిపడుతుంది. పైగా మన సముద్రపు ఉక్కలో, ఏప్రిల్, మే నెలల్లో, కాన్వాసు జాకెట్, ట్రౌజర్ తొడుక్కుని 60 షాట్లు పూర్తిచేయడమంటే ఒంట్లో నీరంతా పోతుంది. మ్యాచ్ సమయం 75 నిమిషాలు, అంతకుముందు సన్నాహానికి 15. పిల్లవాడు ఈ ఉక్కను తట్టుకోగలడా లేదా అనేది అరువు జాకెట్‌తో చూసుకున్నాకే కొనండి. లోపల పల్చటి నూలు బనీను, పక్కన ఉప్పు వేసిన మజ్జిగ ఉండాలి.

మ్యాచ్ రైఫిల్ దొరకకపోతే ఓపెన్ సైట్ ఉన్న స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టండి. రెండు జాగ్రత్తలు. దాన్ని గట్టిగా బిగించి పట్టుకోకూడదు, స్ప్రింగ్ వదిలినప్పుడు గన్ను ఎగురుతుంది కాబట్టి ప్రతిసారీ ఒకేలా, మెత్తగా పట్టుకోవాలి. ఇక పెల్లెట్ లేకుండా దాని ట్రిగ్గర్ నొక్కొద్దు, లోపలి పిస్టన్ పాడవుతుంది.

ఇంట్లో పది మీటర్ల వరండా ఉంటే అక్కడే లేన్ చేసుకోవచ్చు. కార్డు మధ్యభాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి. కార్డు వెనక చెక్కపెట్టె, దాంట్లో మందంగా పాత బట్టలు కుక్కి, వెనక ఇనప పలక. ఉత్త సిమెంటు గోడకేసి కాల్చొద్దు, పెల్లెట్ వెనక్కి తగులుతుంది. ఆ దారిలోకి తెరుచుకునే తలుపు ఉంటే గడియ పెట్టాలి.

6. ఎయిర్ పిస్టల్, ఆరు నుంచి ఎనిమిది వారాలు

నేను చూసినంతలో ఎక్కువమంది నేర్చుకునేది ఇక్కడే, అందుకే ఈ మెట్టు కొంచెం పెద్దది.

ముందు ఇంట్లో లీటరు నీళ్ళ సీసా తీసుకుని చెయ్యి చాపి భుజం ఎత్తులో ముప్పై సెకన్లు పట్టుకోండి. ఎయిర్ పిస్టల్ బరువు దాదాపు అంతే. నిబంధనల ప్రకారం 1.5 కిలోలు మించకూడదు. రోజూ ఐదారు సార్లు చాలు. కొండవెలగాడలో వెయిట్‌లిఫ్టింగ్ చేసే పిల్లలను చూసి చాలామంది "బలం ఉంటే పిస్టల్ వచ్చేస్తుంది" అనుకుంటారు. బలం కావాలి, కానీ కదలకుండా నిలబెట్టే బలం. ఎత్తే బలం వేరు.

గురిపెట్టడం రైఫిల్‌కు పూర్తిగా భిన్నం. కన్ను ముందు సైట్ మీద నిలవాలి. దాని పైఅంచు వెనక సైట్ పైఅంచుతో సమంగా, రెండు పక్కలా వెలుతురు సమానంగా ఉండాలి. నల్ల చుక్క మసకగా ఉండాలి, గురి దాని కింది తెలుపులో. రైఫిల్ నుంచి వచ్చినవాళ్ళకు ఇదే పెద్ద చిక్కు. వాళ్ళ కన్ను నల్ల చుక్కను వెతుక్కుంటూ పోతుంది. చుక్క స్పష్టంగా కనబడిన క్షణంలో ముందు సైట్ మసకబారుతుంది, సైట్ ఏ కొంచెం వంగినా షాట్ ఎంతో దూరం పోతుంది.

దీనికి మందు తెల్ల కార్డు. కార్డును తిరగేసి తగిలించండి, చుక్క ఉండదు. ఖాళీ తెలుపు మధ్యలోకి పది షాట్లు కాల్చండి. గ్రూపు నల్ల చుక్క ఉన్న కార్డు కన్నా చిన్నగా వచ్చిందంటే ఇన్నాళ్ళూ మీ కన్ను చుక్క మీద ఉందన్నమాట. చాలామందికి చిన్నగానే వస్తుంది.

రంధ్రాలు ఎటు పోతున్నాయో చూసి తప్పు కనిపెట్టొచ్చు. కుడిచేతివాళ్ళకు కింద ఎడమ మూలకు పోతుంటే ట్రిగ్గర్‌ను గుంజుతున్నారు. పైన కుడికి పోతుంటే అరచేతి మడమతో తోస్తున్నారు. తిన్నగా కిందికి పోతుంటే షాట్ వదిలే ముందు మణికట్టు కిందికి వాలుస్తున్నారు. ఎడమచేతివాళ్ళు కుడి ఎడమలు మార్చి చదువుకోవాలి.

గురి కుదిరాక పది సెకన్లలో షాట్ వదలకపోతే చెయ్యి దించేయండి. దించడం నేర్చుకోవడం ఈ ఆటలో సగం విద్య. మొండిగా పట్టుకుంటే టెన్షన్ పెరిగి వేలు గుంజుతుంది.

ఈ వారాల్లో వారానికి ఒక్కసారి, పిస్టల్ లేని రోజున, ఎయిర్ రైఫిల్ కూడా ఒక కార్డు కాల్చండి. ట్రిగ్గర్ మీద మీ వేలు మెత్తబడటం అక్కడ తెలుస్తుంది.

7. .22 పడుకుని కాల్చడం

ఎన్‌సీసీ పిల్లలకు ఇది బెటాలియన్ ఫైరింగ్‌లో దొరుకుతుంది. దాన్ని హాజరు కోసం చేసే పనిగా చూడకండి. మీరు పడుకుని గురిపెట్టాక కళ్ళు మూసుకోండి. రెండు సార్లు ఊపిరి పీల్చి వదలండి. కళ్ళు తెరవండి. సైట్ ఇంకా టార్గెట్ మీదే ఉందా? పక్కకు పోయి ఉంటే రైఫిల్‌ను చేత్తో లాగి సరిచేయొద్దు. ఎడమ మోచేయి కదపకుండా నడుము, కాళ్ళు జరపండి. మళ్ళీ కళ్ళు మూసి చూడండి. ఒళ్ళు సహజంగా ఎటు చూస్తే గన్ను అటే చూడాలి. ఈ పరీక్షను నిలబడి కాల్చే ఎయిర్ రైఫిల్‌కూ, పిస్టల్‌కూ తీసుకెళ్ళండి, అక్కడ పాదాలు జరపాలి. ఒక్క ఈ అలవాటుతోనే పక్కలకు పోయే షాట్లు బాగా తగ్గడం చూశాను.

50 మీటర్ల రేంజ్‌కు వెళ్ళే వీలుంటే గాలి సంగతి తెలుస్తుంది. అక్కడ పది గీత 10.4 మిల్లీమీటర్లు, పక్కగాలికి బుల్లెట్ తప్పకుండా జరుగుతుంది. మన తీరంలో మధ్యాహ్నానికి సముద్రం గాలి లేస్తుంది కాబట్టి మొదటిసారి పొద్దున్నే వెళ్ళండి, గాలిలో కాల్చడం తరవాత. మోకాలి మీద, పడుకుని, నిలబడి, మూడు భంగిమల్లో ఇరవయ్యేసి షాట్లు కాల్చే పోటీలోనే పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచాడు.

.22 దొరకనివాళ్ళు ఎయిర్ రైఫిల్‌తోనే మందపాటి చాప మీద పడుకుని 10 మీటర్లలో ఈ కళ్ళు మూసే పరీక్ష చేయండి. గాలి పాఠం తప్ప మిగతావన్నీ వస్తాయి.

8. మూడు సెకన్ల పిస్టల్, ఇంట్లోనే

25 మీటర్ల పిస్టల్‌లో రెండో సగం ఇలా ఉంటుంది. చెయ్యి 45 డిగ్రీలు కిందికి దించి నిలబడాలి. టార్గెట్ మూడు సెకన్లు కనబడుతుంది, ఏడు సెకన్లు మాయమవుతుంది. కనబడిన ప్రతిసారీ ఒకే షాట్. ఇలా ఐదుసార్లు. దీనికి లైసెన్స్ ఉన్న .22 పిస్టల్, 25 మీటర్ల రేంజ్ కావాలి. కానీ అందులోని అసలు పాఠం ఎయిర్ పిస్టల్ డ్రై మోడ్‌తో (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే ఏర్పాటుతో) మీ గదిలోనే దొరుకుతుంది.

పిస్టల్‌లో పెల్లెట్ లేదని మీరూ, ఇంకొకరూ చూడాలి. తెల్ల గోడకు ఎదురుగా నిలబడండి. ఇంట్లో ఎవరైనా "ఇప్పుడు" అనాలి, మూడు లెక్కపెట్టి "అంతే" అనాలి. ఆ లోపల చెయ్యి లేవాలి, ముందు సైట్ కుదరాలి, ట్రిగ్గర్ వదలాలి. చెయ్యి లేస్తుండగానే ట్రిగ్గర్ మీద మొదటి ఒత్తిడి మొదలవ్వాలి. పైకి వచ్చాక మొదలుపెడితే సమయం చాలదు.

రోజుకు పది నిమిషాలు, రెండు వారాలు. తరవాత మామూలు ఎయిర్ పిస్టల్ కార్డు కాల్చండి. గురిలో ఎక్కువసేపు నానబెట్టే అలవాటు ఉన్నవాళ్ళకు దీనివల్ల మేలు ఎక్కువ. తొందరపడే స్వభావం ఉన్న పిల్లలకు మాత్రం దీన్ని ఆలస్యంగా, కోచ్ గారు సరే అన్నాకే ఇవ్వండి.

9. వీలైతే ఒక్కరోజు క్లే

ఎగిరే పళ్ళేలను షాట్‌గన్‌తో కాల్చే ట్రాప్, స్కీట్ మన దగ్గర దొరకవు. హైదరాబాద్ గచ్చిబౌలి రేంజ్ లాంటి చోటికి వెళ్ళాలి, ముందుగా అనుమతి తీసుకోవాలి, తూటాల ఖర్చు ఎక్కువ. ఇది తప్పనిసరి అనను. బంధువుల ఇంటికి హైదరాబాద్ ఎలాగూ వెళ్తుంటే ఒక రోజు కేటాయించండి.

పళ్ళెం వ్యాసం 110 మిల్లీమీటర్లు. ఇక్కడ కన్ను సైట్ మీద కాదు, పళ్ళెం మీదే. రెండు కళ్ళూ తెరిచి, షాట్ వదిలాక కూడా గన్ను ఆపకుండా తిప్పుతూ ఉండాలి. పిస్టల్ వాళ్ళు షాట్ పేలగానే చెయ్యి దించి కార్డు వైపు చూస్తారు, ఆ అలవాటు ఉంటే ఇక్కడ ఒక్క పళ్ళెమూ పగలదు. షాట్ తరవాత నిలిచి ఉండటం ఎందుకో ఇక్కడ ఒక్కరోజులో తెలుస్తుంది. వెళ్ళలేనివాళ్ళు టెన్నిస్ బంతి మీద స్కెచ్ పెన్నుతో అంకెలు రాసి, ఒకరు విసురుతుంటే పట్టుకునేలోగా ఆ అంకెను పైకి చదవండి. స్లిప్‌లో క్యాచ్‌లు పట్టే క్రికెట్ కుర్రాళ్ళకు ఇది త్వరగా వస్తుంది.

10. మళ్ళీ కొలిచి, అప్పుడు ఎంచుకోండి

నాలుగో మెట్టులో చేసినట్టే రైఫిల్ నాలుగు, పిస్టల్ నాలుగు కార్డులు కాల్చండి. అదే రేంజ్, అదే వేళ, అవే పెల్లెట్లు. నాణెం బయట మిగిలిన రంధ్రాలు ఎన్ని తగ్గాయో చూడండి.

దీంతో పాటు ఇంకో పరీక్ష నాకు ఇంకా ఇష్టం. షాట్ పేలగానే, కార్డు చూడకముందే, అది ఎటు పోయిందో గడియారం ముల్లు లెక్కన చెప్పండి, పక్కవాళ్ళు రాయాలి. "రెండు గంటల వైపు, ఎనిమిది" అన్నట్టు. తరవాత కార్డుతో పోల్చండి. పదిలో ఏడు సరిపోతే మీరు మీ సైట్‌ను నిజంగా చూస్తున్నారు. మూడు నాలుగే సరిపోయినా స్కోరు బాగుందంటే అది నిలబడే స్కోరు కాదు. ఈ పరీక్షలో ఏ విభాగంలో మీ మాట ఎక్కువగా నిజమవుతుందో, సాధారణంగా అదే మీ విభాగం.

సమంగా వచ్చాయా? అప్పుడు నేను పిస్టల్ వైపు మొగ్గుతాను. జాకెట్, ట్రౌజర్ ఖర్చు లేదు, మన ఉక్కకు తేలిక, ఇంట్లో డ్రై ప్రాక్టీసు సులువు. ఓపికగా ఒక్కో స్క్రూ సర్దుకుంటూ కూర్చునే పిల్లలు, మార్పులను రాసిపెట్టుకునే పిల్లలు రైఫిల్‌లో సంతోషంగా ఉంటారు. వాళ్ళను ఖర్చు పేరుతో పిస్టల్‌లోకి తోయకండి.

ఎంచుకున్నాక రెండోదాన్ని పూర్తిగా వదిలేయొద్దు. టోక్యో ఒలింపిక్స్ నాటికి డబుల్ ట్రాప్, 50 మీటర్ల పిస్టల్, 50 మీటర్ల ప్రోన్ (పడుకుని కాల్చే) రైఫిల్ పోటీలను తీసేసి వాటి చోట మిక్స్‌డ్ టీమ్ పోటీలు పెట్టారు. 2004లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ వెండి పతకం తెచ్చిన డబుల్ ట్రాప్ అది. ఆ ఒక్కటే తెలిసినవాళ్ళు ఎంత ఇబ్బంది పడి ఉంటారో ఆలోచించండి.

ఎక్కువగా జరిగే తప్పులు

ఒకే రోజు రెండు విభాగాలు కలపడం అన్నిటికన్నా ఎక్కువ. మొదటి నెలల్లో ఒక రోజు రైఫిల్ అయితే ఆ రోజంతా రైఫిలే. కన్ను ఎక్కడ నిలవాలో ఒకదాని నుంచి ఒకదానికి మారడానికి సమయం పడుతుంది.

కొత్త విభాగంలో మూడో వారం స్కోరు పడిపోగానే మానేయడం. పిస్టల్‌లో ఇది దాదాపు అందరికీ జరుగుతుంది. చెయ్యి అలసట పోయి, కన్ను మారే దశ అది. ఆరు వారాలు పూర్తికాకుండా తీర్పు చెప్పొద్దు.

ప్రతి షాట్‌కూ సైట్ తిప్పడం. కనీసం ఐదు షాట్లు ఒకచోట పడ్డాకే తిప్పండి.

కోచ్ గారికి చెప్పకుండా వేరే విభాగానికి వెళ్ళడం. ముందే చెప్పండి, కాలవ్యవధి చెప్పండి. రాష్ట్ర పోటీకి నెల రోజుల లోపు ఏ కొత్త విభాగమూ వద్దని ఆయన అంటే ఆయన మాటే సరైనది.

సెకండ్‌హ్యాండ్ మ్యాచ్ గన్ను కొనేటప్పుడు గాలి సిలిండర్ మీద తేదీ చూడకపోవడం. ఎయిర్ సిలిండర్లకు పోటీ నిబంధనల్లో పదేళ్ళ గడువు. గడువు దాటిన సిలిండర్‌తో పోటీలో దిగనివ్వరు, నింపడం కూడా ప్రమాదం. వానాకాలంలో మన తేమకు గొట్టం, స్క్రూలు త్వరగా తుప్పు పడతాయి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి నెలకోసారి మార్చండి.

రెండు విభాగాల్లోనూ పోటీకి పేరు ఇచ్చేవాళ్ళు ఒకటి చూసుకోండి. ఎంట్రీ ఫారం నింపేటప్పుడే రైఫిల్, పిస్టల్ డిటెయిల్స్, అంటే మీరు కాల్చే వంతులు, ఒకే రోజు పడకుండా నిర్వాహకులను అడగండి. మీ ప్రధాన విభాగం ముందు రోజు, రెండోది తరవాతి రోజు పడేలా చూసుకోండి. రెండూ ఒకే రోజు తప్పకపోతే రెండోదాన్ని ఆ ఏడాదికి వదిలేయండి.